నలభై దాటాక బలం – మూడో పాఠం: బస్కీలు

గత పాఠంలో వీపు వంచకుండా తుంటి దగ్గర వంగడం నేర్చుకున్నాం. గోడకు జానెడు ముందు నిలబడి పిరుదులతో గోడను తాకే ఆ అభ్యాసం ఇంకా కుదరనివారు మరో వారం అక్కడే ఆగండి. అది రాకుండా ఇది రాదు.

ఈ వారం బస్కీలు, అంటే మోకాళ్లు వంచి కూర్చున్నట్టు దిగి మళ్లీ లేవడం. పూర్వం మన తాలింఖానాల్లో కుర్రవాళ్లు తెల్లవారుజామునే దండీలు, బస్కీలు వందలకొద్దీ తీసేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు లాంటి మల్లుల పేరు చెప్పుకుంటూ పెరిగిన ప్రాంతం మనది. మనకు వందలు అక్కర్లేదు. ఎనిమిది చాలు, కానీ ఆ ఎనిమిదీ నిదానంగా, సరిగ్గా రావాలి.

ముందుగా ఒక కొలత తీసుకోండి. చేతులు లేని, మోకాలి ఎత్తు కుర్చీని జారకుండా గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, వీలైనంత వేగంగా ఐదుసార్లు లేచి కూర్చోండి. ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూసి నోటుపుస్తకంలో రాయండి. 15 సెకన్లు దాటితే కండబలం తగ్గినట్టు అనుమానించాలని ఐరోపా వైద్యనిపుణుల బృందం ఒకటి సూచించింది. అది ముఖ్యంగా వృద్ధుల కోసం గీసిన గీత. యాభై లోపువారు ఆ గీతకు బాగా ఇవతలే ఉండాలి.

ఇక సాధన. అదే కుర్చీ ముందు పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వేళ్లను కొద్దిగా బయటికి తిప్పండి. పీట మీద కూర్చోబోయేటప్పుడు తుంటిని ఎలా వెనక్కి పంపుతారో అలాగే పంపుతూ దిగండి. మడమ లేవకూడదు. మోకాలు కాలివేళ్లు ఎటు చూస్తుంటే అటే వంగాలి. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలిపోవడం నేను అందరికంటే ఎక్కువగా చూసే తప్పు. అద్దం ముందు చేస్తే మీకే కనిపిస్తుంది. మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదని చాలామంది భయపెడతారు. మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది రోజూ దాటుతూనే ఉంటుంది. మడమ నేలమీద ఉన్నంతవరకు కొద్దిగా దాటినా భయం లేదు.

అసలు విద్య దిగడంలో ఉంది. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ దిగండి. చాలామంది సగం దాకా దిగి, మిగతా సగం కుర్చీలో కూలబడతారు. తొడ కండరం బరువు మోస్తూ సాగే ఆ చివరి జానెడు దూరమే బలాన్ని పెంచుతుంది. దాన్ని వదులుకోకండి. పిరుదులు కుర్చీని తాకగానే, బరువంతా దానిమీద వేయకుండా, గాలి వదులుతూ లేవండి. ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. బీపీ ఉన్నవారు ఇది మరవకూడదు. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మనం సోమ, గురువారాలు పెట్టుకుందాం.

ఎనిమిది తేలికై పన్నెండుకు చేరి, వరుసగా రెండు రోజులు మూడు విడతలూ నిలకడగా వస్తే, ఐదు కిలోల బియ్యం సంచిని ఛాతీకి హత్తుకుని మళ్లీ ఎనిమిదికి దిగండి. ఆ తర్వాత పది కిలోలు. "రోజూ గంట నడుస్తున్నాను, చాలదా?" అని అడుగుతారు. నడక గుండెకు మేలు చేస్తుంది, మానవద్దు. కానీ అదే దారి, అదే వేగం అయితే కొన్ని వారాలకే తొడలకు అలవాటైపోతుంది. ముప్పై దాటాక పదేళ్లకు నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ల కండ కరుగుతుందని అంచనా. దాన్ని నిలబెట్టుకోవాలంటే బరువు కొంచెం కొంచెంగా పెరుగుతూ ఉండాలి.

కొంచెం కొంచెంగానే. నలభై ఏడో ఏట నేను వ్యాయామశాలలో చేరిన మొదటి రోజే భుజాలమీద ఇనుప కడ్డీ పెట్టారు. రెండు వారాలు మెట్లు పక్కవాటుగా దిగాను. కండ వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకు నెలలు పడుతుంది. ఈ తేడా అప్పుడు నాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు ఇంతగా చెబుతున్నాను.

మర్నాడో మూడోనాడో తొడలు సలుపుతాయి. అది సహజమే, నాలుగైదు రోజుల్లో పోతుంది. మోకాలి కీలులోనే పోటు పొడిచినట్టున్నా, వాపు వచ్చినా ఆపి డాక్టరుకు చూపించండి.

తిండి సంగతి ఏడో పాఠంలో వివరంగా చూద్దాం. ఈలోగా ఒక్క లెక్క: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు, అంటే 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. మీ పళ్లెంలో ఎంత ఉందో ఈ వారం రాసి పెట్టుకోండి.

వచ్చే పాఠం గోడ దండీలు. దానికి ముందు ఆదివారం నాడు ఐదుసార్లు లేచి కూర్చునే కొలత మళ్లీ తీసుకుని, పాత అంకె పక్కనే కొత్త అంకె రాయండి.