ప్రొటెక్షన్ వీసా ట్రైబ్యునల్‌లోనూ పోయిందా? కోర్టు ఫారంలో బోల్తా పడేది ఎక్కడంటే

ఆస్ట్రేలియాలో ప్రొటెక్షన్ వీసా, అంటే సబ్‌క్లాస్ 866, పెట్టుకున్న మనవాళ్లలో రెండు రకాలవాళ్లు ఉన్నారు. సొంత ఊళ్లో నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు కొందరైతే, స్టూడెంట్ వీసా అయిపోయాక "ఇది పెట్టు, పని చేసుకోవచ్చు" అని ఎవరో చెబితే పెట్టేసినవాళ్లు ఇంకొందరు. ఇమిగ్రేషన్ శాఖ కాదని, తర్వాత ట్రైబ్యునల్ కూడా కాదన్నాక ఇద్దరికీ వినిపించే మాట మాత్రం ఒకటే: "కోర్టులో వేద్దాం, ఇంకొన్నేళ్లు గడిచిపోతుంది." ఆ మాట చెప్పినవాడు డబ్బు తీసుకుని ఫారం నింపేసి పక్కకు తప్పుకుంటాడు, విచారణ రోజు జడ్జి ముందు నిలబడాల్సింది మీరే. అందుకే ఈ దశ గురించి కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు వరుస చెప్పేస్తా. శాఖ తిరస్కరించాక 28 రోజుల్లో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్‌కి వెళ్లాలి (2024 అక్టోబర్ 14 నుంచి పాత అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రైబ్యునల్ స్థానంలో వచ్చింది ఇదే; డిటెన్షన్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఈ 28 లెక్క పట్టుకోకుండా వెంటనే లాయర్‌ని అడగాలి). అక్కడా ఓడిపోతే ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు, డివిజన్ 2. కావాల్సినవి మైగ్రేషన్ అప్లికేషన్ ఫారం, ట్రైబ్యునల్ నిర్ణయం మొత్తం కాపీ జతచేసిన అఫిడవిట్, ఫీజు. ప్రతివాదులుగా ఇమిగ్రేషన్ మంత్రితో పాటు ట్రైబ్యునల్ పేరు కూడా రాయాలి. అఫిడవిట్ మీద మీ సంతకానికి సాక్షిగా జస్టిస్ ఆఫ్ ద పీస్ (పత్రాలకు సాక్షి సంతకం చేసే అధికారం ఉన్న వ్యక్తి) సంతకం చేస్తారు. చాలా లైబ్రరీల్లో దొరుకుతారు, పైసా తీసుకోరు, దానికి కూడా డబ్బు అడిగేవాడు ఉంటే అక్కడే అర్థం చేసుకోండి. ఫీజు మాత్రం ఎక్కువే. 2021లో 690 డాలర్ల నుంచి ఒకేసారి 3,330కి పెంచారు. డబ్బుకి ఇబ్బందిగా ఉందని ఆధారాలు చూపిస్తే తగ్గించిన ఫీజు కట్టుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

గడువు 35 రోజులు. ఈ 35 రోజులు లెక్కపెట్టేది ట్రైబ్యునల్ నిర్ణయం కాగితం మీద ఉన్న తేదీ నుంచి, మీరు మెయిల్ తెరిచిన రోజు నుంచి కాదు. మొదట్లో బ్రోకర్ ఫారం నింపినప్పుడు మీ ఈమెయిల్ బదులు తన ఈమెయిల్ పెట్టి ఉంటే నిర్ణయం అతనికే వెళ్తుంది, అతను ఫోన్ ఎత్తకపోయినా రోజులు ఆగవు. కాబట్టి ట్రైబ్యునల్ దగ్గర ఎవరి మెయిల్, ఎవరి అడ్రస్ నమోదై ఉన్నాయో ఇప్పుడే కనుక్కోండి, కేసు ఇంకా పెండింగ్‌లో ఉన్నవాళ్లయితే మరీ ముఖ్యం. గడువు దాటిపోతే అంతా అయిపోయినట్టు కాదు. అదే ఫారంలో గడువు పొడిగించమని అడిగి, ఎందుకు ఆలస్యమైందో అఫిడవిట్‌లో రాయాలి. కానీ జడ్జి ఆలస్యానికి కారణం ఒక్కటే చూడరు, కేసులో అసలు పస ఉందా అని కూడా చూస్తారు.

ఇక అసలు గుంట. ఫారంలో "గ్రౌండ్స్" అనే భాగం ఉంటుంది. నూటికి తొంభై మంది అక్కడ "నేను ఇండియా వెళ్తే నన్ను చంపేస్తారు, ట్రైబ్యునల్ నా మాట నమ్మలేదు, న్యాయం చేయండి" అని రాస్తారు. మనసులో ఉన్నది అదే కాబట్టి రాయడంలో తప్పేం లేదు. అయితే ఈ కోర్టు ఆ ప్రశ్న వినదు. మీకు ప్రమాదం ఉందా లేదా అన్నది తేల్చే అధికారం దానికి లేదు, వీసా ఇచ్చే అధికారమూ లేదు. ట్రైబ్యునల్ తన పని చట్టప్రకారం చేసిందా లేదా, అంటే జ్యూరిస్‌డిక్షనల్ ఎర్రర్ ఉందా అన్నది మాత్రమే చూస్తుంది. ఉంటే ఆ నిర్ణయాన్ని కొట్టేసి, కేసుని మళ్లీ ట్రైబ్యునల్‌కే పంపుతుంది. గెలిస్తే దక్కేది ఇంకో విచారణ, అంతే.

మరి గ్రౌండ్ అంటే ఎలా ఉండాలి? ఉదాహరణకి ఒకబ్బాయి కులాంతర పెళ్లి చేసుకున్నాడు, అమ్మాయి తరఫువాళ్లు బెదిరిస్తున్నారు, గుంటూరులో పోలీసులు కంప్లయింట్ తీసుకోలేదు, పైగా అతని బామ్మర్దికి పార్టీలో పలుకుబడి ఉండటంతో బెంగళూరు వెళ్లినా వెతికి పట్టుకున్నారు అని చెప్పాడనుకుందాం. ట్రైబ్యునల్ పన్నెండో పేరాలో బెంగళూరు సంగతి రాసుకుంది కూడా. కానీ చివర్లో "ఇండియా పెద్ద దేశం, వేరే చోటికి వెళ్లి బతకొచ్చు" అని తేల్చేటప్పుడు ఆ బెంగళూరు సంఘటన గురించి ఒక్క ముక్క లేదు. అప్పుడు గ్రౌండ్ ఇలా ఉండాలి: ఫలానా పేరాలో నమోదు చేసిన నా వాదనను ట్రైబ్యునల్ పరిగణించలేదు, దాని మీద ఏ నిర్ణయమూ చెప్పలేదు. రెండు వాక్యాలు, పేరా నంబర్లతో. ఇండియా కేసులు ఎక్కువగా ఈ "వేరే చోటికి వెళ్లొచ్చు" అనే పాయింట్ మీదే పోతుంటాయి, కాబట్టి ఆ భాగాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి.

ఇంకా చూడాల్సినవి: మీకు వ్యతిరేకంగా వాడిన సమాచారాన్ని ముందుగా మీకు చెప్పి జవాబు అడిగారా? విచారణలో ఇంటర్‌ప్రెటర్ మీరు చెప్పింది సగమే చెప్పారా? దానికి ట్రైబ్యునల్ నుంచి ఆడియో రికార్డింగ్ తెప్పించుకుని, కూర్చుని పూర్తిగా వినండి. తప్పు దొరికితే నిమిషంతో సహా రాసుకోండి. అయితే తప్పు దొరకగానే గెలిచినట్టు కాదు, ఆ తప్పు జరగకపోయి ఉంటే ఫలితం మారే అవకాశం ఉండేదని చూపించాలి. 2019లో ఎస్‌జెడ్‌ఎంటీఏ కేసులో హైకోర్టు (ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టు ఇదే) చెప్పింది ఇదే. "నమ్మశక్యంగా లేదు" అన్న నిర్ణయాన్ని మాత్రం కదపడం చాలా కష్టం.

ఆ కేసు పేరు చూశారా, మనిషి పేరు లేదు. ప్రొటెక్షన్ వీసా కేసుల్లో అప్లికెంట్ పేరు కోర్టు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది, అక్షరాలు అంకెలతో ఒక కోడ్ ఇస్తారు. ఊళ్లో తెలిసిపోతుందని టెన్షన్ పడి ఆగిపోయేవాళ్లు దాని గురించి బెంగపడక్కర్లేదు.

బ్రోకర్లు పెట్టే గ్రౌండ్స్ కాపీ పేస్ట్‌వి. తెలుగబ్బాయి ఫారంలో బంగ్లాదేశ్‌కి తిరిగి వెళ్తే ప్రమాదం అని ఉండటం నేను చూశాను. అలాంటి ఫారం మీద మంత్రి తరఫు లాయర్లు వాదించడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌కి ఎంఏఆర్‌ఎన్ నంబర్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో చెక్ చేసుకోవచ్చు, కానీ లాయర్ కాని ఏజెంట్ కోర్టులో మీ తరఫున నిలబడలేడు. ఇంకోటి, ఈ కేసులు ఫైల్ చేసే లాయర్ గెలిచే అవకాశం కొంతైనా ఉందని సర్టిఫై చేయాలి. కాబట్టి ఒక లాయర్ కాగితాలు చదివి "ఇందులో ఏమీ లేదు" అంటే అది కూడా మీకు పనికొచ్చే సలహానే. శరణార్థులకి న్యాయసహాయం చేసే సంస్థలు, అంటే మెల్‌బోర్న్‌లో రెఫ్యూజీ లీగల్, సిడ్నీలో ఆర్‌ఏసీఎస్, ఇంకా రాష్ట్రాల లీగల్ ఎయిడ్ దగ్గర ముందు అడగండి. మొదటి వారంలోనే అడగండి, ముప్పై నాలుగో రోజున ఎవరూ ఏమీ చేయలేరు.

కోర్టులో వేసినంత మాత్రాన బ్రిడ్జింగ్ వీసా (కేసు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా) దానంతటది రాదు, విడిగా అప్లై చేసుకోవాలి. గడువులోపు వేశారా, ఆలస్యంగా వేశారా అన్నదాన్ని బట్టి ఏ బ్రిడ్జింగ్ వీసా వస్తుందన్నది మారుతుంది.

ఓడిపోతే మంత్రి తరఫు ఖర్చులు మీరే కట్టాలని ఆర్డర్ వస్తుంది, వేల డాలర్లలో ఉంటుంది. అది ప్రభుత్వానికి బాకీ కింద లెక్క, తర్వాత ఏదైనా వీసాకి అప్లై చేసినప్పుడు అడ్డు రావచ్చు. అక్కడి నుంచి ఫెడరల్ కోర్టుకి అప్పీల్ చేయాలంటే గడువు 28 రోజులు, 35 కాదు.