గోపాల్‌పూర్ తీరానికి తెల్లవారుజామునే వెళ్లండి

ఒడిశాలోని బరంపురం నుంచి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాల్‌పూర్‌కు మిట్టమధ్యాహ్నం వెళ్లి, ఇసుక కాలుతోందని వెంటనే తిరిగివచ్చే బంధువులను చూస్తే బాధ కలుగుతుంది. తెల్లవారుజామునే చేరుకుంటే బంగాళాఖాతం మీద సూర్యోదయంతో పాటు, మన తెలుగే మాట్లాడే జాలరులు పడవలను ఒడ్డుకు చేర్చి వలలు విదిలించే దృశ్యం కూడా దక్కుతుంది. అలలు వెనక్కి లాగే బలం అక్కడ ఎక్కువ కనుక, ఆనాటి సముద్రం తీరు వారిని అడిగిన తరువాతే నీటిలో దిగండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ దగ్గరలోని ఋషికుల్య నదీముఖం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి (ప్రతి ఏటా గుంపులుగా రావు). అక్కడ రాత్రివేళ టార్చిలైటు గానీ, ఫోను వెలుగు గానీ వాడవద్దని వేడుకుంటున్నాను; ఆ కాంతికి బెదిరిన తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగి వెళ్లిపోవచ్చు.