పెరట్లో చెట్టు ప్రమాదకరంగా మారిందా? ఇలా చూసి తెలుసుకోండి

గాలివాన వెలిశాక కూలిన చెట్టు చుట్టూ చేరినవాళ్లు అనే మాట ఒకటే: "నిన్నటిదాకా పచ్చగానే ఉందే!" అందులో అబద్ధమేమీ లేదు. చెట్టు పచ్చగా ఉండటం వేరు, గట్టిగా ఉండటం వేరు. నీళ్లు, ఆహారం నడిచేది బెరడుకు దగ్గరగా ఉండే పొరల్లోనే. మధ్యలో ఉండే చేవ జీవంలేని కలప. అది పుచ్చి డొల్లయినా పైపొరలు బాగున్నంతకాలం ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి. అందుకే చెట్టును తనిఖీ చేసేటప్పుడు పైకి కాకుండా ముందు కిందికి చూడాలి.

ఈదురుగాలుల కాలం మొదలయ్యే ముందు ఒకసారి, పెద్ద గాలివాన తర్వాత ఒకసారి చూస్తే చాలు. ఆకు రాల్చే చెట్టయితే ఆకులు లేనప్పుడు కూడా ఒకసారి చూడండి, కొమ్మల సంగతి అప్పుడే బయటపడుతుంది. ప్రతిసారీ ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ చూసే చెట్టులో మార్పు మన కంటికి ఆనదు. రెండేళ్ల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

1. పడితే ఎక్కడ పడుతుంది?

ఎవరూ తిరగని మూలలో ఉన్న పుచ్చు చెట్టు కంటే పిల్లల ఊయల మీదికి వంగిన ఎండుకొమ్మ ఎక్కువ ప్రమాదం. కాబట్టి ముందు చెట్టు ఎత్తు అంచనా వేయండి. మీ కంటి నుంచి చాచిన చేతి పిడికిలి దాకా ఎంత దూరముందో అంత పొడవున్న పుల్ల తీసుకుని నిలువుగా పట్టుకోండి. పుల్ల అడుగు చెట్టు మొదలుతో, పుల్ల కొస చెట్టు చివరతో కలిసేదాకా వెనక్కి నడవండి. నేల చదునుగా ఉంటే, మీకూ చెట్టుకూ మధ్య దూరమే చెట్టు ఎత్తు. ఆ దూరానికి ఒకటిన్నర రెట్ల లోపల ఇల్లు, దారి, బండి, కరెంటు తీగ ఏమున్నాయో చూసుకోండి.

2. మొదలు దగ్గర కూర్చోండి

నిజంగానే కూర్చోండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి.

మాను నేలను తాకే చోట వెడల్పయి, వేళ్లుగా విచ్చుకోవాలి. పాతిన స్తంభంలా నిటారుగా భూమిలోకి దిగిపోతే, మొదలు మీద మట్టి పేరుకుపోయిందనో, ఒక వేరు మానును చుట్టేసి బిగిస్తోందనో అనుమానించాలి. పై మట్టిని చేత్తో మెల్లగా తొలగించి చూడండి.

ఇక పుట్టగొడుగులు. చెట్టుకింద నేల మీద మొలిచేవన్నీ చెడ్డవి కావు, కొన్ని వేళ్లకు మేలే చేస్తాయి. మొదలు నుంచో, పైకి తేలిన వేళ్ల నుంచో చిన్న అరల్లా గట్టిగా పొడుచుకొచ్చేవాటితోనే టెన్షన్. అవి బయటికి కనిపించాయంటే లోపల పుచ్చు చాన్నాళ్ల నుంచి సాగుతున్నట్టే. వాటిని పీకి పారేస్తే గుర్తు పోతుంది గానీ జబ్బు పోదు.

చుట్టుపక్కల నేలను కూడా చూడాలి. వేళ్లు పాతాళంలోకి దిగుతాయని మనకో నమ్మకం. ఎక్కువ వేళ్లు నిజానికి పైన ఉండే 60 సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి మరీ పరుచుకుంటాయి. ఛాతీ ఎత్తులో మాను అడ్డుకొలతకు 12 రెట్ల దూరం వరకు వేళ్ల జోలికి పోకూడదన్నది నిపుణులు పాటించే లెక్క. 30 సెంటీమీటర్ల మానుకు అది 3.6 మీటర్లు. ఈ లెక్క తెలియక నేనొకసారి నీళ్ల పైపు కోసం చెట్టుకు రెండడుగుల దూరంలో కాలువ తవ్వించాను. ఆ ఏడు ఏమీ కాలేదు, మరుసటి ఏడూ కాలేదు. మూడో ఏడు పైకొమ్మలు ఒక్కొక్కటే ఎండటం మొదలైంది. అప్పటికి కాలువ సంగతి నేనే మర్చిపోయాను. కాబట్టి గత కొన్నేళ్లలో చెట్టు దగ్గర గోడ, గచ్చు, పైపు ఏదైనా పని జరిగిందేమో గుర్తు చేసుకోండి.

3. వాలు పాతదా, కొత్తదా?

వాలిన ప్రతి చెట్టూ పడదు. వెలుతురు కోసం చిన్నప్పటి నుంచీ ఒక పక్కకు పెరిగిన చెట్టు పైకి వెళ్లేకొద్దీ మళ్లీ నిటారుగా తిరుగుతుంది, ఆ బరువుకు తగ్గట్టు వేళ్లూ బలపడతాయి. మాను నిటారుగానే పెరిగి, మొత్తం ఒక్కసారిగా ఒరిగితే అది వేరే సంగతి. వాలిన వైపుకు ఎదురుగా నేల పగిలినా, ఉబ్బినా వేళ్లు పట్టు తప్పుతున్నట్టే. అక్కడితో తనిఖీ ఆపి దూరంగా వచ్చేయండి.

నేల బాగుండి, వాలు మాత్రం అనుమానంగా ఉంటే, వాలిన వైపు మాను మీద తలెత్తులో ఒక గుర్తు పెట్టి అక్కడి నుంచి దారానికి రాయి కట్టి వదలండి. రాయి తాకిన చోట మేకు దిగ్గొట్టండి. నెల తర్వాత గాలి లేని రోజు మళ్లీ వదిలితే రాయి అదే మేకు మీదికి రావాలి.

4. మానును తట్టి చూడండి

కొయ్య సుత్తితో మాను చుట్టూ తడుతూ రండి. గట్టి కలప చప్పుడు వేరు, డొల్ల చప్పుడు వేరు. నాలుగు దెబ్బలు కొడితే చెవికే తెలుస్తుంది. రంపపు పొట్టులాంటి పొడి రాలుతున్నా, గండుచీమలు బారులు కట్టి లోపలికి పోతున్నా లోపల మెత్తబడిన కలప ఉందేమో చూడాలి.

తొర్ర కనిపించగానే చెట్టు నరికేయాలని కాదు. గొట్టం డొల్లయినా బలంగానే ఉంటుంది కదా. జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాటెక్ చెప్పిన మోటు లెక్క ప్రకారం, చుట్టూ మిగిలిన గట్టి కలప మందం మాను వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు ఉండాలి. అంటే 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మానుకు చుట్టూ 10 సెంటీమీటర్లు. తొర్ర నోరు పెద్దగా తెరుచుకుని ఉంటే ఈ లెక్క పనికిరాదు, గొట్టానికి నిలువునా చీలిక పెట్టినట్టే అవుతుంది. బెరడు వరకే ఉన్న పగుళ్లు మామూలువే. కలప లోతుకు దిగి, అటు పక్కకూ తేలిన చీలిక మాత్రం ఆగదు.

తొర్రలో సిమెంటు నింపే అలవాటు ఇంకా పోలేదు. చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదనీ, పుచ్చిన భాగం చుట్టూ గోడలాంటిది కట్టి వేరు చేసుకుంటుందనీ అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో చూపించారు. తొర్రను గీకి శుభ్రం చేస్తే ఆ గోడే పోతుంది. పైగా గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు.

5. పంగలు, కొమ్మలు

రెండు పెద్ద కొమ్మలు చీలే పంగ 'యూ' ఆకారంలో విశాలంగా ఉంటే మంచిది. 'వీ'లా ఇరుకుగా ఉండి, మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోతే ఆ రెండింటికీ సరైన అతుకు లేనట్టే. అక్కడ కొత్త చీలిక, తడి చార కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

చుట్టూ ఆకులుండగా బోసిగా ఉన్న కొమ్మ, బెరడు ఊడిన కొమ్మ, విరిగి వేరే కొమ్మల మీద వేలాడే కొమ్మ, వీటి కింద నిలబడి ఆలోచించకండి. ఎప్పుడో తల నరికేసిన చెట్టయితే ఆ కోతల దగ్గర గుబురుగా వచ్చిన పిలకలు ఏపుగా ఉంటాయి గానీ పైపైనే అతుక్కుని ఉంటాయి. బరువెక్కాక ఊడిపడేవి అవే.

ఇప్పుడేం చేయాలి?

నేల ఉబ్బిన కొత్త వాలు, మానులో లోతైన చీలిక, వేలాడే కొమ్మ, ఈ మూడింట్లో ఏదున్నా అదే రోజు చెట్టుకింద రాకపోకలు ఆపి నిపుణుణ్ని పిలవండి. కొమ్మ కరెంటు తీగకు తగులుతుంటే చెట్టును ముట్టుకోకుండా ముందు విద్యుత్ సంస్థకు చెప్పండి. నిచ్చెన వేసుకుని రంపంతో మీరే ఎక్కొద్దు.

మిగతావాటికి కాస్త వ్యవధి ఉంటుంది. సన్నని సూదితో కలప గట్టిదనం కొలిచే పరికరాలు, శబ్ద తరంగాలతో లోపలి డొల్లను పటం గీసి చూపేవి ఆర్బరిస్టుల (చెట్ల నిపుణుల) దగ్గర ఉంటాయి. చూసిన వెంటనే "కొట్టేద్దాం" అనేవాళ్ల మాట మీద మరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి. చాలాసార్లు రెండు కొమ్మల బరువు తగ్గించడమో, కింద ఉన్న బెంచీని పక్కకు జరపడమో సరిపోతుంది. కొట్టక తప్పదంటే, చాలాచోట్ల సొంత పెరట్లో చెట్టుకైనా అనుమతి కావాలి. దరఖాస్తుకు మీరు ఏటా తీసి పెట్టుకున్న ఫొటోలు జతచేయండి.