ప్రభుత్వ దరఖాస్తు అందరికీ అందేలా మార్చడం ఎలా?

ఫారం పూర్తిచేసినవాళ్లను అడిగితే సేవ బాగుందనే అంటారు. మధ్యలో మానేసినవాళ్లు, అసలు మొదలే పెట్టనివాళ్లు ఆ సర్వేలో ఉండరు. పని మొదలుపెట్టాల్సింది వాళ్ల దగ్గరే.

1. లెక్క తీయండి. అర్హులు, దరఖాస్తు మొదలుపెట్టినవారు, పూర్తిచేసినవారు, మంజూరైనవారు, సాయం చేతికందినవారు: ఈ ఐదు అంకెలూ విడివిడిగా రాసి, భాష, వయసు, వైకల్యం వారీగా విడదీయండి.

2. జారిపోయినవాళ్లను వెతకండి. ఆఫీసు జాబితాల్లో వీళ్ల పేర్లుండవు. వాళ్లతో రోజూ మెలిగే క్షేత్రస్థాయి కార్యకర్తల ద్వారా పిలవండి. దారిఖర్చులు, పోయిన కూలి ఇవ్వండి. లేకపోతే తీరికున్నవాళ్లే వస్తారు. వాడకం పరీక్షకు ఐదుగురు చాలని వెబ్‌సైట్ల వాడకం తేలికగా ఉందో లేదో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పింది ఒకే తరహా వాడుకరుల గురించి. చూపు లేనివారు, చదువు రానివారు, వేరే భాషవారు అంతా కలిపి ఐదుగురంటే కుదరదు, ఒక్కో వర్గం నుంచి ఐదుగురు కావాలి.

3. పక్కన కూర్చుని చూడండి. సొంత ఫోను, సొంత కాగితాలతోనే నింపనివ్వండి. సాయం చేయకండి (ఇదే అన్నిటికన్నా కష్టం). పెన్ను ఎక్కడ ఆగిందో రాసుకోండి. ‘కుటుంబ సభ్యుల సంఖ్య’ దగ్గర ఒకామె ఆగిందనుకుందాం. వేరు కాపురం పెట్టిన కొడుకును కలపాలా? పనికోసం వేరే ఊళ్లో ఉంటున్న భర్తను? తప్పు ఆమెది కాదు, ప్రశ్నది. నిబంధన ఎవరెవరిని లెక్కిస్తుందో ఆ గడి పక్కనే రాయాలి. ఎక్కడో చివర ఇచ్చిన సూచనలు ఎవరూ చదవరు.

4. ప్రశ్నలు తగ్గించండి. ప్రతి గడికీ మూడు విషయాలు అడగండి: ఏ నిబంధన కోసం? జవాబు ఎవరు వాడతారు? ఖాళీగా వదిలితే ఏ నిర్ణయం ఆగుతుంది? జవాబు లేని గడి తీసేయండి. ‘ఎప్పటినుంచో ఉంది’ అనేది జవాబు కాదు. ఫారాలు పరిశీలించే గుమాస్తాను మొదటి రోజే కూర్చోబెట్టుకోండి, ఏ గడి ఎందుకు తిరస్కరణకు దారితీస్తుందో ఆయనకే తెలుసు.

5. ముందు కాగితం మీద నమూనా గీసి పరీక్షించండి. ‘అర్థమైందా?’ అంటే మొహమాటానికి అవునంటారు, సొంత మాటల్లో చెప్పమనండి. తెరమీదికి వచ్చాక, మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్టు (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. సగంలో ఆపినా నింపినదంతా సేవ్ కావాలి. కాగితం కోసం ఇంట్లో వెతికి వచ్చేలోపు పేజీ మూసుకుపోతే చాలామంది మళ్లీ మొదలుపెట్టరు.

6. కొద్దిమందితో అమలుచేసి, వర్గాలవారీగా పోల్చండి. ఉదాహరణకు 100 మంది అర్హుల్లో 20 మంది ఇంటర్నెట్ లేనివారు అనుకుందాం. మార్పుకు ముందు మిగతా 80 మందిలో 64 మందికి, ఇంటర్నెట్ లేని 20 మందిలో 8 మందికి సాయం అందింది. తర్వాత 76 మందికి, 6 మందికి. మొత్తం 72 నుంచి 82కు పెరిగింది, రిపోర్టు ఘనంగా ఉంటుంది. కానీ ఇంటర్నెట్ లేనివారిలో సాయం అందినవారు 40 శాతం నుంచి 30కి పడిపోయారు. ఇలా కనిపిస్తే విస్తరణ ఆపి, ఆన్‌లైన్ వచ్చిందని కౌంటర్ వేళలు తగ్గించారేమో ముందు చూడండి. అలాగైతే పాత వేళలు తిరిగిపెట్టి, ఆ వర్గంతో మూడో మెట్టు మళ్లీ చేయండి.