సెల్ఫ్ మోటార్ విప్పించే ముందు రిలే చూడండి

అలిపిరి చెకింగ్ దగ్గర బ్యాగులు స్కానింగుకి పెట్టి, మళ్లీ కారెక్కి తాళం తిప్పితే 'టిక్' అని ఒక్క చప్పుడు, అంతే. వెనకాల హారన్లు, పక్కన అమ్మకి టెన్షన్. బండిని పక్కకి తోశాక వచ్చిన మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసేది) పోయింది, మార్చాలన్నాడు. మోటార్ బాగానే ఉంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్, దాని సాకెట్లో ఒక పిన్ను కాలి గోధుమరంగుకి తిరిగింది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ముడుచుకుపోయింది.

ముందు గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపాలి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ సంగతి తేల్చుకున్నాకే మిగతావి.

తర్వాత చప్పుడు వినండి. టకటకటకా అని కొట్టుకుంటుంటే బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్ లూజు. ఇంజిన్ కింద నుంచి గట్టిగా ఒక్కసారి 'టక్' అంటే సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటార్ మీదుండే అయస్కాంతపు స్విచ్) దాకా కరెంటు వెళ్తోంది, అప్పుడు మోటార్‌నో లావు కేబుల్‌నో అనుమానించండి. ఫ్యూజ్ బాక్స్‌లో సన్నగా 'టిక్' అని ఆగిపోతే రిలే పనిచేస్తోంది కానీ కరెంటు బయటికి రావట్లేదు. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్, క్లచ్ పెడల్ స్విచ్ చూడాలి, ఆటోమేటిక్ అయితే గేర్ పి లేదా ఎన్‌లో ఉందా అని కూడా.

రిలే పీకి, అదే నంబరున్న ఇంకో రిలే బాక్స్‌లో ఉంటే మార్చి చూడండి. మార్చినా అంతే అయితే సాకెట్ చూడాలి. సాధారణంగా పిన్నుల పక్కన 30, 85, 86, 87 అని ఉంటుంది. 30కి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు రావాలి, తాళం తిప్పినప్పుడు 85, 86 మధ్య 12 వోల్టులు రావాలి, 87 నుంచి సోలెనాయిడ్‌కి వెళ్తుంది.

నేను మోసపోయింది ఇక్కడే. 30 దగ్గర మీటర్ 12.5 చూపించింది కదా, ఇక బాగానే ఉందనుకున్నా. మీటర్ తీసుకునే కరెంటు అతి తక్కువ, కాబట్టి కాలిన పిన్నులోంచి, ఒక్క పోగు మిగిలిన వైరులోంచి కూడా వోల్టేజ్ పూర్తిగా కనిపిస్తుంది. ఇండికేటర్ల 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి 30కి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి పెడితే బల్బు మిణుకుమిణుకుమంది, అప్పుడు లోపం దొరికింది. ఈ బల్బు 85, 86కి మాత్రం పెట్టకండి, కొత్త బండ్లలో అవి కంప్యూటర్‌కి వెళ్తాయి, అది కాలిపోవచ్చు.

సాకెట్లన్నీ బాగుంటే మోటార్ వైపు దిగండి. ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే, మీరు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య కొలవండి, 0.2 వోల్టులు దాటితే ఎర్త్ వైర్ బోల్టు తుప్పు గీకి బిగించాలి. చేతులు, చున్నీలు బెల్టుకి దూరంగా ఉంచండి.

కాలిన సాకెట్లో కొత్త రిలే గుచ్చి వదిలేయకండి, లూజు పిన్ను వేడెక్కి దాన్నీ కాలుస్తుంది. పిన్నుతో సహా సాకెట్ మార్పించండి.