బొమ్మల కథ గీద్దాం – 7వ పాఠం: ఒక ప్యానెల్ పోయినా నిలిచే పేజీ

కిందటి పాఠంలో, సెన్సార్ చూపించొద్దన్న దాన్ని చూపించకుండానే చెప్పండి అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తర్వాత మీరు పంపిన పేజీల్లో సగానికి పైగా నల్ల పట్టీలే. లాఠీ మీద నల్ల పట్టీ, మంత్రిగారి మొహం మీద నల్ల పట్టీ, నోటికి ప్లాస్టరు, మూలన ఒక కత్తెర. కాబట్టి ఇవాళ చెప్పాల్సిన రంగుల సంగతి వచ్చే వారానికి వాయిదా.

నల్ల పట్టీ ఎందుకు వద్దంటున్నానో వినండి. ఇక్కడేదో దాచారని మాత్రమే అది చెబుతుంది. ఏం జరిగింది, ఎవరికి జరిగింది అన్నది చెప్పదు. దెబ్బ తిన్న మనిషి కథ కాస్తా బొమ్మ గీసినవాడి కష్టాల కథగా మారిపోతుంది. పైగా ఎవరూ అడక్కముందే సెన్సార్ పని మీరే చేసిపెట్టినట్టు. నోటికి ప్లాస్టరు కూడా అంతే. వెయ్యిసార్లు చూసిన బొమ్మ మీద కన్ను నిలవదు. తిట్టు బదులు మాటల బెలూన్లో చుక్కలు, సున్నాలు పెట్టడమూ అంతే. దయచేసి మానేయండి.

ఒకరు చెన్నై పాండీ బజార్లో పూలమ్మే ఆవిడ మీద నాలుగు ప్యానెల్లు (బొమ్మ గడులు) గీశారు. లారీ వచ్చింది, గొడవ, లాఠీ (దాని మీద పట్టీ), ఏడుపు. చీర మడతలు చాలా బాగా గీశారు. అదే కథ నేనిలా గీశాను. మొదటి ప్యానెల్లో ఆవిడ మల్లెపూలు మూర కొలుస్తోంది, వేలి కొస నుంచి మోచేతి దాకా. చెయ్యి పెద్దగా, ప్యానెల్ నిండా. రెండోదాంట్లో బుట్ట పక్కనే లారీ చక్రం. మూడోదాంట్లో మనుషులే లేరు. ఫుట్‌పాత్, తెగిన మాల, ఒంటి చెప్పు. నాలుగోది మర్నాడు, అదే చోటు. మోచేతికి కట్టు. చెయ్యి చాచలేక రెండో చేత్తో అందాజుగా కొలిచి ఇస్తోంది.

లాఠీ ఎక్కడా లేదు. అయినా దెబ్బ తెలుస్తోంది, ఎందుకంటే అది మూరలో ఉంది. మూడో ప్యానెల్ మొత్తం చింపేసినా కథ పోదు. నేను చెప్పదల్చుకున్నది అంతే: తీసేస్తారనుకున్న సంగతిని ఒక్కచోట దాచకండి, పేజీ అంతా పరచండి.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఇక్కడే చెన్నైలో ఒక పత్రిక నా పేజీలో మూడో ప్యానెల్ పీకేసి ఆ జాగాలో నూనె ప్రకటన వేసింది. మిగిలిన మూడూ చూసి మా ఇంట్లోవాళ్లకే అర్థం కాలేదు. అప్పట్నుంచి పెన్సిల్ దశలోనే ఒక్కో ప్యానెల్‌నీ అరచేత్తో మూసి చూసుకుంటాను. ఇంకు పడ్డాక మార్చబుద్ధి కాదు.

మరి అంతా ఒక్క ప్యానెల్లోనే పెట్టిన గొప్ప కథలు లేవా అని ఒకరు అడిగారు. ఉన్నాయి. అమెరికాలో ఈసీ కామిక్స్ 1953లో వేసిన కథ ఒకటి. భూమి నుంచి వెళ్లిన వ్యోమగామి ఒక రోబోల గ్రహాన్ని పరీక్షిస్తాడు. అక్కడ నారింజరంగు రోబోలది పైచేయి, నీలంవాటిది వెనకసీటు. మీకింకా అర్హత లేదని చెప్పి తిరిగొస్తాడు. చివరి ప్యానెల్లో హెల్మెట్ తీస్తే నల్లజాతి మనిషి, మొహం మీద చుక్కల్లా మెరిసే చెమట. 1954లో కామిక్స్ కోడ్ వచ్చింది, అంటే కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న సెన్సార్ నియమాలు. 1956లో కథను మళ్లీ వేయబోతే కోడ్ అధికారి అతను నల్లవాడు కాకూడదన్నాడు, తర్వాత చెమట బిందువులైనా తీసేయమన్నాడు. ఈసీ యజమాని గెయిన్స్, ఎడిటర్ ఫెల్డ్‌స్టీన్ దేనికీ ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టు వేశారు. ఈసీ చివరి కామిక్ సంచిక అదే. అలాంటి ప్యానెల్ మీ దగ్గరుంటే పరచకండి. పట్టుబట్టండి.

ఈ కిటుకులుంటే చిక్కులు రావనుకోకండి. 1987లో ఆనంద వికటన్ అనే తమిళ వారపత్రిక అట్టమీద ఎమ్మెల్యేలను, మంత్రులను వెక్కిరించిన కార్టూన్ ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా తమిళనాడు శాసనసభ ఎడిటర్ బాలసుబ్రమణియన్‌కి మూడు నెలల జైలు వేసింది. జనం మండిపడ్డాక కొద్ది రోజుల్లోనే వదిలేశారు.

అభ్యాసం: మీ వీధిలో మీరే చూసిన ఒక అన్యాయం, ఆరు ప్యానెల్లు, ఒక్క మాట లేకుండా. పెన్సిల్‌తోనే. ఆరు జిరాక్సులు తీసి, ఒక్కోదాంట్లో ఒక్కో ప్యానెల్ కత్తిరించండి. ఒక్కో కాపీ ఒక్కొక్కరికి, ఆరుగురికి చూపించండి. ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే వెనక రాయండి. ఆరుగురిలో నలుగురికి అర్థమైతేనే ఇంకు ముట్టుకోండి.