జీడి ఫ్యాక్టరీ లెక్కలు: సాఫ్ట్‌వేర్ కొనేముందు చేయాల్సిన పని

పలాస–కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల ఆఫీసుల్లోకి వెళ్తే టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, వాట్సాప్ గ్రూపు ఉంటుంది, గేటు మీద సీసీ కెమెరా కూడా ఉంటుంది. "పోయిన వారం బాయిలర్‌లో వేసిన జీడి పిక్కలకి బస్తాకెంత జీడిపప్పు దిగింది?" అని అడిగితే మాత్రం గుమస్తా మూడు పుస్తకాలు తిరగేస్తాడు. ముందు ఈ ఒక్క ప్రశ్నకి ఫోన్‌లో జవాబు దొరికేలా చేసుకోండి, ఆ తర్వాతే కొత్త సాఫ్ట్‌వేర్ సంగతి.

లారీ దిగగానే సరుకుకి ఒక లాట్ నంబరు ఇవ్వండి. ఉద్దానం రైతుల పిక్కలైనా, ఆఫ్రికా నుంచి దిగుమతైనవైనా సరే, బస్తా మీద రాసిన ఆ నంబరే బాయిలింగ్, కటింగ్, డ్రయ్యర్, పీలింగ్, గ్రేడింగ్ అన్నీ దాటి టిన్ను మీదికి రావాలి. మధ్యలో రెండు లాట్లు కలిపేశారంటే ఇక ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ పెట్టినా దండగే.

తర్వాత ఒక గూగుల్ షీట్ చాలు. తూకం వేసే మనిషే కాటా దగ్గర నిలబడి ఫోన్‌లో కొట్టాలి, చీటీలన్నీ పోగేసి రాత్రి గుమస్తా ఎక్కించే పద్ధతిలో సగం తప్పులు అక్కడే పుడతాయి. గ్రేడు పేరు చేత్తో టైపు చేయనివ్వకండి, డ్రాప్‌డౌన్ (జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి) పెట్టండి. ఒకరు '320' అని, ఇంకొకరు 'డబ్ల్యూ 320' అని, మరొకరు 'గుండు 320' అని కొడితే మనకి ఒకటే గానీ కంప్యూటర్‌కి అవి మూడు సరుకులు, నెలాఖరుకి స్టాకు ఎక్కడా కలవదు.

80 కిలోల బస్తాకి ఒక లాట్‌లో 22 కిలోల పప్పు, ఇంకో లాట్‌లో 21 వచ్చిందనుకోండి. కిలోనే కదా అనిపిస్తుంది, 200 బస్తాలకి అది 200 కిలోలు. తేడా పిక్కల్లోనే ఉందా, కటింగ్‌లో గుండు పప్పు విరిగి బద్ద, ముక్క ఎక్కువ పడి రేటు పోతోందా, డ్రయ్యర్‌లో ఎక్కువ ఎండిందా అన్నది ప్రతి దశలో తూకం ఉంటేనే తెలుస్తుంది. ఒక్క మాట, ముక్క ఎక్కువైందని మొదటి వారమే పనివాళ్లని తిట్టారంటే రెండో వారం నుంచి మీకు నచ్చే అంకెలే వస్తాయి. పీలింగ్ కూలి కిలోల లెక్కన ఇస్తుంటే అదే ఎంట్రీని వాళ్లకీ చూపించండి, శనివారం కూలి లెక్కల దగ్గర గొడవలు తగ్గుతాయి.

బిల్లింగ్ దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. 50 వేలు దాటిన సరుకు రవాణాకి మామూలుగా ఈ-వే బిల్లు (జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే రవాణా పత్రం) కావాలి, టర్నోవరు 5 కోట్లు దాటితే వ్యాపారులకిచ్చే బిల్లులకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు) తప్పనిసరి. బిల్లు వేసేవాళ్లు గ్రేడు, బరువు మళ్లీ టైపు చేయకుండా ఆ షీట్ నుంచే తీసుకునేలా మీ టాలీ కుర్రాడితో చేయించుకోండి.

బ్యాకప్ మాత్రం వాయిదా వేయకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది పలాస దగ్గరే, ఆ తర్వాత కరెంటు, సిగ్నల్ లేక జనం ఎన్ని అవస్థలు పడ్డారో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. షీట్‌ని ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో పనిచేసేలా నెట్ ఉన్నప్పుడే పెట్టుకోండి, అవే గళ్లతో ఒక కాగితం పుస్తకం కూడా అచ్చేయించండి. వారానికోసారి కాపీ తీసిన హార్డ్‌డిస్కు ఫ్యాక్టరీలో కాకుండా ఇంట్లో ఉండాలి, అది తెరుచుకుంటోందో లేదో నెలకోసారి చూడాలి.

ఒక సీజను లెక్కలు చేతికొచ్చాక ఏ వ్యాపారి పిక్కలు బాగా దిగాయో చూసి, వచ్చే పంటకి ఆ లెక్క ముందు పెట్టుకుని రేటు మాట్లాడండి. బార్‌కోడ్, ఈఆర్‌పీ (ఫ్యాక్టరీ లెక్కలన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) అంటూ వచ్చేవాళ్లని కూడా అప్పుడే పిలవండి, మీ షీట్ వాళ్ల చేతికిచ్చి ఇందులో లేనిది మీరేం ఇస్తారో చూపించమనండి.